పాత ఓమ్ని వ్యానులో చప్పుడు: ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడం ఎలా?

 

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. మన బడిలో చాలా కుటుంబాలకు సొంతూరు చిత్తూరు వైపో, అనంతపురం వైపో, కడప వైపో ఉంటుంది. సెలవులివ్వగానే బండి సర్దుకుని బయలుదేరతాం. కొత్త కారున్నవాళ్లకు సర్వీసు తేదీ ఫోనులోనే వస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల పాత బండి, అందులోనూ మన అవసరం కోసం ఏవో మార్పులు చేయించిన బండి ఉన్నవాళ్లకు అలా ఎవరూ చెప్పరు. చెప్పేది ఆ బండే. దాని భాష మనకు తెలియాలి, అంతే.

ఈ వ్యాసంలో ఓమ్ని వ్యానును ఉదాహరణగా తీసుకున్నాను. మారుతి వ్యాన్ పేరుతో 1984లో మొదలై, 1988లో ఓమ్ని అయి, 2019లో తయారీ ఆగిపోయిన బండి ఇది. బెంగళూరు వీధుల్లో ఇప్పటికీ కూరగాయలకూ, కేటరింగుకూ, కుటుంబానికీ తిరుగుతూనే ఉంది. నా దగ్గరా ఒకటుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఇంజను శక్తి చక్రం దాకా ఎలా వెళుతుందో పిల్లలకు చూపించాలంటే ఇంతకంటే సులువైన బండి లేదు. ప్రతి భాగం విడివిడిగా కనిపిస్తుంది.

శక్తి నడిచే దారి

ఓమ్నిలో 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. దాని వెనక క్లచ్, ఆ తర్వాత గేర్‌బాక్సు. అక్కడినుంచి బండి పొట్ట కింద ఒక పొడవాటి ఇనుప గొట్టం వెనక్కి వెళుతుంది. అదే ప్రొపెల్లర్ షాఫ్టు. దాని చివర వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బినట్టు కనిపించేది డిఫరెన్షియల్, మెకానిక్కులు హౌసింగ్ అంటారు. అందులోని పెద్ద పళ్లచక్రం క్రౌను, చిన్నది పినియను. ఇవి షాఫ్టు తిరుగుడును అడ్డంగా మళ్లించి, రెండు వెనక చక్రాలకు పంచుతాయి.

ఇంజనూ గేర్‌బాక్సూ బాడీకి బిగించి ఉంటాయి. వెనక ఇరుసు మాత్రం కమాన్ పట్టీల మీద పైకీ కిందికీ ఊగుతుంది. మరి మధ్యలో షాఫ్టు విరగకుండా ఎలా తిరుగుతోంది? దాని రెండు చివర్లా రెండు క్రాసులుంటాయి. కూడిక గుర్తు ఆకారంలో ఒక ఇనుప ముక్క, దాని నాలుగు కొసలకూ నాలుగు చిన్న టోపీల్లాంటి గిన్నెలు, గిన్నెల్లో సూదుల్లాంటి బేరింగులు. మన మోచేయి లాగా వంగుతూనే తిరగగలగడం దీని పని. ఇటలీ దేశస్థుడు కార్డానో పేరుమీద దీన్ని కార్డన్ జాయింటు అంటారు, ఆయన 16వ శతాబ్దం వాడు. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 17వ శతాబ్దంలో దీన్ని అధ్యయనం చేశాడు. స్ప్రింగు పాఠంలో మీరు చదివే హుక్ నియమం ఆయనదే.

మార్పు చేస్తే ఏం మారుతుంది?

పాత బండికి మనవాళ్లు సాధారణంగా చేయించే మార్పులు మూడు. ఒకటి, ఎల్పీజీ కిట్టు. రెండు, పెద్ద టైర్లు, అలాయ్ చక్రాలు. మూడు, బరువు మోయడానికి వెనక అదనపు కమాన్ పట్టీలు. ఎల్పీజీ సంగతి వేరు, మిగతా రెండూ నేరుగా శక్తి నడిచే దారి మీదే పడతాయి.

టైరు సంగతి చూద్దాం. ఓమ్నికి కంపెనీ ఇచ్చిన 12 అంగుళాల చక్రం, టైరుతో కలిపి సుమారు 54 సెం.మీ. వ్యాసం. దాని స్థానంలో 13 అంగుళాల చక్రానికి 155/80 టైరు వేస్తే వ్యాసం 58 సెం.మీ. దాకా వస్తుంది. అంటే 7 శాతం ఎక్కువ. స్పీడోమీటరుకు ఈ సంగతి తెలియదు, అది గేర్‌బాక్సు దగ్గరి తిరుగుడునే లెక్కపెడుతుంది. ముల్లు 60 చూపిస్తుంటే బండి నిజంగా 64లో పోతుంటుంది. అంతకంటే ముఖ్యం, ప్రతి గేరూ 7 శాతం బరువెక్కినట్టే. సిల్క్ బోర్డు దగ్గరో, టిన్ ఫ్యాక్టరీ దగ్గరో అరగంట జామ్‌లో మొదటి గేరులో బండిని కదిలించాలంటే క్లచ్‌ను ఇంకొంచెంసేపు సగంలో పట్టాలి. క్లచ్ ప్లేటు అరిగేది అక్కడే. టైరు మార్చినందుకు క్లచ్ పోయిందని ఎవరికీ తట్టదు.

పట్టీల సంగతి నాకు అనుభవం మీద తెలిసింది.

మొగిలి ఘాటులో

రెండేళ్ల క్రితం సామాన్లకని మా వ్యానుకు వెనక ఒక్కో వైపు ఒక్కో పట్టీ అదనంగా వేయించాను. వెనక భాగం నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. చూడ్డానికి బాగుందనే అనుకున్నా. కొన్ని నెలలకు మొదటి గేరులో కదలగానే కింద ‘టక్’మని చప్పుడు మొదలైంది. రివర్సులో వేసినా అదే. తర్వాత 50 దాటితే కాళ్ల కింద రేకు జివ్వుమని వణకడం.

గ్యారేజీకి వెళ్లి నేనేమన్నానో తెలుసా? “అన్నా, క్లచ్ పోయినట్టుంది, చూడు” అన్నాను. ఆయన క్లచ్ సెట్టు మార్చాడు. చప్పుడు పోలేదు. “పాత బండి సార్, ఇంతే” అన్నాడు. నేనూ సరేననుకున్నా.

ఆ వేసవిలో అమ్మ, ఇద్దరు పిల్లలు, సామాన్లతో చిత్తూరు బయలుదేరాం. కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగుతున్నాం. వణుకు ఒక్కసారిగా పెరిగింది. కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. మెల్లగా పక్కకు ఆపి చూస్తే, వెనక క్రాసు గిన్నె ఒకటి దాని చోటు నుంచి సగం బయటికొచ్చి ఉంది. చుట్టూ తుప్పురంగు పొడి.

ఇంకొన్ని కిలోమీటర్లు పోయుంటే షాఫ్టు ఊడేది. ఊడితే ఏమవుతుంది? ఘాటు దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. షాఫ్టు తెగితే ఆ పట్టు పూర్తిగా పోతుంది, భారమంతా బ్రేకుల మీదే. గేర్‌బాక్సు వైపు చివర ఊడి రోడ్డుకు గుచ్చుకుంటే ఇంకా ప్రమాదం. ఆ రోజు మేమంతా బస్సెక్కి ఊరికి పోయాం, వ్యాను లారీ మీద వెనక్కి వచ్చింది.

తప్పు మెకానిక్‌ది కాదు. లక్షణం చెప్పాల్సిన చోట నేను జబ్బు పేరు చెప్పాను. డాక్టరు దగ్గరికి వెళ్లి “కడుపు నొప్పి” అనకుండా “అపెండిక్స్ తీసేయండి” అన్నట్టు.

అసలు ప్రశ్న: చప్పుడు దేని వెంట నడుస్తోంది?

ఏ చప్పుడుకైనా, వణుకుకైనా ముందు ఇవే అడగాలి.

1. బండి ఆగి ఉన్నా, ఇంజను రేసు పెంచితే పెరుగుతోందా? అయితే ఇంజను, క్లచ్, లేదా గేర్‌బాక్సు ముందు భాగం.
2. గేరు ఏదైనా సరే, బండి వేగంతోనే పెరుగుతోందా? అయితే షాఫ్టు, హౌసింగ్, చక్రాలు.
3. యాక్సిలరేటరు తొక్కినప్పుడొక రకం, వదిలినప్పుడొక రకం వస్తోందా? అయితే క్రౌను పినియను, లేదా క్రాసు.
4. మలుపు తిరిగితే మారుతోందా? అయితే చక్రం బేరింగు మీద ముందు అనుమానం.
5. కదిలే క్షణంలో మాత్రమే ‘టక్’మంటోందా? అయితే క్రాసు, ఇంజను మౌంటింగు, లేదా వదులైన బోల్టు.

మొదటి రెండింటినీ తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. తెల్లవారుజామున, ఖాళీగా, చదునుగా ఉన్న తిన్నని రోడ్డు మీద, పిల్లలు లేకుండా చేయండి. చప్పుడు వచ్చే వేగానికి చేరాక క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి బండిని దానంతట అది పోనివ్వండి. చప్పుడు అలాగే ఉంటే అది గేర్‌బాక్సు వెనకాల ఉన్న భాగాలది. ఆగిపోతే ముందు భాగాలవైపు చూడాలి, లేదా బరువు పడినప్పుడే అరిచే పళ్లచక్రాలది కావచ్చు. ఈ పరీక్షలో తాళంచెవి మాత్రం తిప్పకండి, స్టీరింగు లాక్ పడొచ్చు. వాలులో ఎప్పుడూ చేయకండి.

నేను ఈ ఒక్క పరీక్ష ముందే చేసుంటే, న్యూట్రల్‌లోనూ వణుకు పోకపోవడం తెలిసేది. క్లచ్ డబ్బులు మిగిలేవి.

ఒక్కో భాగం, దాని లక్షణాలు

*క్లచ్.* ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది గానీ బండి వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. ఇది ప్లేటు జారడం. చదునైన చోట చేతి బ్రేకు గట్టిగా లాగి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, మూడో గేరులో క్లచ్‌ను మెల్లగా వదలండి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయినట్టే. ఒక్కసారి చేస్తే చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటూ కాలుతుంది. దీనికి భిన్నంగా, క్లచ్ పూర్తిగా తొక్కినా రివర్సు పడేటప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ముందు కేబులు సర్దించండి, చాలాసార్లు అంతే. పెడలు మీద కాలు పెడితే వచ్చే చప్పుడు రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో వస్తూ, పెడలు తొక్కితే ఆగే చప్పుడు గేర్‌బాక్సు లోపలి బేరింగుది.

*గేర్‌బాక్సు.* ఒకే గేరులో చప్పుడొస్తే ఆ గేరు పళ్లు. వేసిన గేరు దానంతటదే జారిపోతే లోపలి అరుగుదల కావచ్చు. కానీ విప్పించే ముందు ఇంజను మౌంటింగు రబ్బర్లు చూపించండి. రబ్బరు చీలి ఇంజను ఊగిపోతున్నా గేరు జారుతుంది, రబ్బరు ఖర్చు గేర్‌బాక్సు ఖర్చు ముందు ఏపాటిది!

*హౌసింగ్.* వేగం పెరిగేకొద్దీ ‘ఊఁ’మని సన్నగా పాడినట్టు చప్పుడు. ముందు ఆయిల్ మట్టం చూడాలి. పక్కనున్న బిరడా విప్పితే రంధ్రం కింది అంచు దాకా ఆయిల్ ఉండాలి. దీనికి హైపాయిడ్ గేర్లకు పనికొచ్చే జీఎల్-5 రకం ఆయిల్ కావాలి. గేర్‌బాక్సుకు మాత్రం బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయించండి. అందులో ఇత్తడి రింగులుంటాయి, అన్నిటికీ ఒకే డబ్బా అనుకోకూడదు. పాత ఆయిల్‌లో మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటే అది మామూలు అరుగుదలే. గోరంత ఇనుప ముక్కలు కనిపిస్తే బండిని కదపొద్దు.

*ఇరుసు చివరి సీలు.* దీన్ని చాలామంది పట్టించుకోరు. వెనక చక్రం లోపలి వైపు నూనె మరకలుంటే, హౌసింగ్ ఆయిల్ కారి బ్రేకు డ్రమ్ములోకి పోతోందని అర్థం. బ్రేకు షూలకు నూనె తగిలితే ఆ చక్రం సరిగా ఆగదు. ఆ మరక కనిపించిన రోజే బాగుచేయించండి.

*క్రాసు.* బండిని చదునైన చోట ఆపి, నాలుగు చక్రాలకూ అడ్డు పెట్టి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి షాఫ్టును చేత్తో అటూఇటూ మెలితిప్పాలి. క్రాసుకు అటువైపు కొమ్ము కదులుతూ ఇటువైపు కొమ్ము కదలకపోతే క్రాసు పోయింది. రెండూ కలిసే కొద్దిగా కదిలితే అది హౌసింగ్ పళ్ల మధ్య సందు, కొంచెం ఉండటం సహజం. గిన్నెల చుట్టూ తుప్పురంగు పొడి కనిపిస్తే లోపల గ్రీజు అయిపోయి సూదులు పొడవుతున్నట్టే.

ఒక హెచ్చరిక. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. స్టాండ్లు ఉండాలి. పిల్లలు అసలే దూరకూడదు.

క్రాసు ఎందుకు పోయింది?

క్రాసు మారిస్తే సరిపోతుందా? మా బండికి క్రాసు మార్చి ఊరుకుంటే, కొన్ని నెలలకు మళ్లీ పోయేది. ఎందుకో పిల్లలు శ్రద్ధగా చదవండి.

కోణంలో తిరిగే క్రాసుకు ఒక గుణం ఉంది. ఇటువైపు సమవేగంతో తిరిగినా, అటువైపు సమవేగంతో తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలైతే ఈ తేడా పైకీ కిందికీ సుమారు ఒకటిన్నర శాతం. కోణం పెరిగితే తేడా ఇంకా వేగంగా పెరుగుతుంది. మరి బండి ఎందుకు వణకదు? రెండో క్రాసు ఉంది కాబట్టి. రెండు క్రాసుల కోణాలూ సమానంగా ఉంటే, మొదటిది చేసిన తప్పును రెండోది సరిగ్గా దిద్దుతుంది. కోణాలు సమానం కాకపోతే పూర్తిగా దిద్దలేదు, మిగిలిన తేడా వణుకుగా మనకు చేరుతుంది.

అదనపు పట్టీతో మా వ్యాను వెనక భాగం లేచింది. షాఫ్టు వాలు పెరిగింది. పట్టీల కట్ట వంపు మారి ఇరుసు కూడా కొంచెం తిరిగింది. కోణాలు పెరిగాయి, సమానత్వమూ పోయింది. క్రాసు మీద రోజంతా అనవసరపు దెబ్బలు. తెగింది క్రాసే అయినా కారణం పట్టీ. ఆ పట్టీ వేయించింది నేనే.

కాబట్టి మరమ్మతు రెండు భాగాలుగా జరిగింది. ముందుగా షాఫ్టు విప్పేముందే షాఫ్టుకూ హౌసింగ్ ఫ్లాంజికీ కలిపి పెయింటుతో ఒక గీత పెట్టించాను, ఎలా ఉన్నది అలాగే తిరిగి బిగించడానికి. రెండు కొమ్ముల వరస తప్పితే కొత్త క్రాసులతోనూ వణుకు వస్తుంది. పాత గిన్నెల లాకులు తీసి, వైసులో పెట్టి మెల్లగా నొక్కి బయటికి తీశారు. కొత్తవి పెట్టేటప్పుడు ఒక్క సూది అడ్డంగా పడినా బిగుసుకుపోతుంది. బిగించాక చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా, వదులూ లేకుండా తిరగాలి. ఒకటి పోతే రెండూ మార్పించడమే మేలు. విడిభాగాలకు జె.సి. రోడ్డులో అడిగితే దొరికాయి.

తర్వాత అదనపు పట్టీలు తీయించేశాను. చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా టేపుతో రెండు వైపులా కొలిచి, ముందూ తర్వాతా రాసుకున్నాం. ఎత్తు తగ్గింది, వణుకు పోయింది. సామాను తగ్గించుకున్నాం. బరువు తప్పనిసరి అయితే ఇరుసు కోణాన్ని సరిదిద్దే చీలిక ముక్కలు వేసే పద్ధతి ఉంది గానీ, అది కోణం కొలిచి చేయగలిగినవాళ్లే చేయాలి.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. గ్యాసు కిట్టు ఆమోదం పొందినదై ఉండాలి, ఆర్సీలో నమోదు కావాలి. ఇంట్లో వంటకు వాడే సిలిండరును బండికి తగిలించడం నేరం, ప్రాణాంతకం కూడా. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకూ. ఆ తనిఖీని ఒక తంతుగా కాక, మంచి సందర్భంగా వాడుకోండి. ఇంకో మాట. తెల్ల నంబరు ప్లేటు బండిలో డబ్బు తీసుకుని ఇతరుల పిల్లలను బడికి తేవడానికి అనుమతి లేదు.

మెకానిక్ దగ్గర ఎలా మాట్లాడాలి?

జబ్బు పేరు చెప్పకండి, లక్షణం చెప్పండి. ఇలా ఒక కాగితం రాసుకుని వెళ్లండి: “50 దాటాక వణుకు. న్యూట్రల్ చేసినా పోలేదు. కదిలేటప్పుడు, రివర్సులో ‘టక్’. ఫలానా నెలలో వెనక పట్టీలు వేయించాం.” చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. బండికి ఏ మార్పు ఎప్పుడు చేశారో చెప్పకపోతే ఎంత మంచి మెకానిక్కైనా చీకట్లో వెతికినట్టే. పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పి వినిపించండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకుని చూడండి. అది అనుమానం కాదు, మనం నేర్చుకోవడం.

పిల్లలకు ఒక లెక్క

ఓమ్ని టైరు వ్యాసం 54 సెం.మీ. గంటకు 60 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుంది? చుట్టుకొలత సుమారు 1.7 మీటర్లు, వేగం సెకనుకు 16.7 మీటర్లు. కాబట్టి దాదాపు 10 చుట్లు. హౌసింగ్ నిష్పత్తి 5 అనుకుంటే షాఫ్టు సెకనుకు 50 చుట్లు. క్రాసు కోణం తేడా ఒక చుట్టులో రెండుసార్లు కాబట్టి సెకనుకు 100. అంటే టైరు బ్యాలెన్సు తప్పితే నెమ్మదైన ఊపు, షాఫ్టు బ్యాలెన్సు తప్పితే వణుకు, క్రాసు కోణం తప్పితే సన్నని జివ్వుమనే వణుకు. చెవితో, అరికాలితో కూడా ఈ తేడా తెలుస్తుంది. అదే 58 సెం.మీ. టైరుతో ఈ మూడు సంఖ్యలూ ఎంతవుతాయో మీరే లెక్కగట్టి తీసుకురండి.

ఇంట్లో నాన్నగారో, మామయ్యో బండి నడుపుతుంటే పక్కన కూర్చుని వినండి. కొత్త చప్పుడు వినిపిస్తే చెప్పండి. మా ఇంట్లో మొదట “నాన్నా, కింద ఏదో కొడుతోంది” అన్నది నా చిన్న కూతురే. అప్పుడు నేను పాట సౌండు పెంచాను. ఇప్పుడు తను ఏదైనా చప్పుడంటే బండి పక్కకు ఆపుతున్నాను.

ఊరికి క్షేమంగా వెళ్లి, లాభంగా రండి.